లంబసింగి, వంజంగి వెళ్లేవాళ్లకి: తెల్లవారుజామున కారు అద్దం మీద మంచు ఎలా తీస్తున్నారు?

మధురవాడ_కారు
సంక్రాంతికి ముందు వారం అమ్మానాన్నలు, పిల్లలతో లంబసింగి వెళ్లి ఒక రాత్రి ఉందామనుకుంటున్నాం. మర్నాడు చీకటితోనే బయల్దేరి చెరువులవేనం దగ్గర మేఘాలు చూసి, అటునుంచి నర్సీపట్నం మీదుగా ఇంటికి రావాలి. మాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఏసీ, హీటర్ ఉన్నాయి, వెనక అద్దానికి తేమ పోగొట్టే డీఫాగర్ లేదు. ఇక్కడ వైజాగ్‌లో రాత్రంతా ఆరుబయట పెట్టినా పొద్దున్న ఒక గుడ్డతో తుడిస్తే అయిపోతుంది. అక్కడ మాత్రం అద్దం మీద తెల్లటి పొర గట్టిగా పట్టేస్తుందని, వేడినీళ్లు పోసి కరిగించాలని ఆఫీసులో ఒకరు చెప్పారు. వేడినీళ్లు పోస్తే అద్దం పగిలిపోతుందని ఇంకొకరన్నారు. ఘాట్‌లో అద్దం సరిగ్గా కనిపించకపోతే ఎలా అన్నదే నా టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఘాట్_డ్రైవర్
నేను టూరిస్టు బండి నడుపుతాను సార్. చలికాలం వస్తే అరకు, పాడేరు, లంబసింగి రూట్లే తిరుగుతుంటాను. ముందు ఒకటి తెలుసుకోండి. అక్కడ పొద్దున్నే అద్దం మీద కనిపించేది చాలావరకు గట్టి మంచు కాదు, నీళ్లే. ఆ నీళ్లు అద్దానికి ఏ వైపున ఉన్నాయో చూసుకోకుండా ఏ బటన్ పడితే ఆ బటన్ నొక్కడం వల్లే తిప్పలు వస్తాయి.

సీట్లో కూర్చుని లోపలి వైపు అద్దం మీద వేలితో ఒక గీత గీయండి. గీత పడిందంటే తేమ లోపల ఉన్నట్టు. పడలేదంటే బయట ఉన్నట్టు. రెండింటికీ మందు వేరు.

లోపల ఉంటే ఏసీ వేయండి, టెంపరేచర్ నాబ్ వేడి వైపు తిప్పండి, గాలి అద్దం మీదికి మళ్లించండి, రీసర్క్యులేషన్ బటన్ ఆపేసి బయటి గాలి లోపలికి రానివ్వండి. "ఇంత చలిలో ఏసీ ఏంటి బాబూ" అని వెనక సీట్లో పెద్దవాళ్లు అంటారు. ఏసీ చల్లదనం కోసం కాదు, గాలిలో తడి లాగేయడానికి అని చెప్పండి. హీటర్ ఒక్కటే వేసి రీసర్క్యులేషన్‌లో ఉంచితే అయిదుగురి ఊపిరీ లోపలే తిరిగి మళ్లీ అద్దం మసకేస్తుంది.

బయట ఉంటే వైపర్ ఒకటి రెండు సార్లు తిప్పండి, చాలు. బయటే మళ్లీ మళ్లీ పడుతోందంటే చల్లటి ఏసీ గాలి నేరుగా అద్దానికి కొడుతోందని అర్థం. వెంట్లు కిందికి తిప్పి, టెంపరేచర్ కొంచెం పెంచండి.

సీతమ్మధార_అక్క
బయట పట్టడం అన్నది లంబసింగి దాకా వెళ్లక్కర్లేదు తమ్ముడూ, బీచ్ రోడ్డులోనే చూస్తాం. వర్షాకాలం రాత్రుళ్లు ఏసీ గట్టిగా వేసుకుని రుషికొండ నుంచి వస్తుంటే బయటి వైపు తెల్లగా అయిపోతుంది. చాలామంది లోపల తుడుస్తూ కూర్చుంటారు, ఎంత తుడిచినా పోదు. ఘాట్_డ్రైవర్ గారు చెప్పిన వేలి పరీక్ష మా పిల్లలకి బండి నేర్పిన మొదటి రోజే చెప్పాను.

భౌతికం_టీచర్
కారణం తెలిస్తే ఏ బటన్ ఎందుకో గుర్తుంటుంది కాబట్టి రాస్తున్నాను.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచుతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో దాదాపు 30 గ్రాముల ఆవిరి పడుతుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 17 గ్రాములు, 10 డిగ్రీల దగ్గర 9 గ్రాముల పైచిలుకు, సున్నా దగ్గర 5 గ్రాముల లోపే. అంటే కారులో మనుషుల ఊపిరితో, తడి బట్టలతో నిండిన వెచ్చటి గాలి వెళ్లి 5 డిగ్రీల అద్దాన్ని తాకితే, పట్టలేని ఆవిరంతా అక్కడ నీరై దిగాల్సిందే. బయట చల్లటి గాలిలో ఆవిరి తక్కువ కాబట్టి దాన్నే లోపలికి తీసుకుని వేడి చేస్తే అది అద్దం మీది తడిని తాగేస్తుంది. అందుకే రీసర్క్యులేషన్ ఆపమన్నారు.

ఇక గట్టి మంచు సంగతి. గాలి సున్నాకి దిగితేనే అద్దం మీద మంచు గడ్డకడుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. మబ్బులేని, గాలి ఆడని రాత్రి ముందు అద్దం ఆకాశం వైపు తిరిగి ఉండి తన వేడిని పైకి పంపించేస్తూ ఉంటుంది. అలా చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. ఫోన్‌లో 3 డిగ్రీలు చూపిస్తున్నా అద్దం సున్నా దాటి కిందికి పోవచ్చు. పక్క అద్దాలు నిటారుగా ఉంటాయి, వాటికి ఆకాశం తక్కువ, చెట్లూ గోడలూ ఎక్కువ కనిపిస్తాయి. అందుకే కారు పైకప్పు, బానెట్, ముందు అద్దం మీద తెల్లగా ఉండి పక్క అద్దాలు మామూలుగానే ఉంటాయి. మబ్బు పట్టిన రాత్రి, దట్టంగా పొగమంచు కమ్మిన రాత్రి ఈ చల్లబడటం తగ్గుతుంది.

దీన్నిబట్టి బండి ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది. ఆకాశం కనపడని చోట పెట్టాలి. రేకుల షెడ్డు ఉంటే మంచిది, లేకపోతే గుబురు చెట్టు కింద, గోడ పక్కన పెట్టినా తేడా తెలుస్తుంది.

చింతపల్లి_నేస్తం
మాది ఇక్కడే. టీచరు గారు చెప్పింది మేం రోజూ చూసేదే. ఖాళీ పొలంలో నిలబెట్టిన టూరిస్టు బండ్లు తెల్లగా ఉంటాయి, అదే ఊళ్లో పనస చెట్టు కింద ఉన్న జీపు మీద తడి మాత్రమే ఉంటుంది. చెట్టు కింద పెడితే ఆకులూ రెట్టలూ పడతాయి, అదొక్కటే ఇబ్బంది.

లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. మీ ఊళ్లో జనవరిలో కూడా స్వెట్టర్ లేకుండా తిరగొచ్చు, ఇక్కడ చలి ముదిరితే 5 డిగ్రీల లోపుకి వెళ్లిపోతుంది. సున్నాకి దగ్గరైన రోజులూ ఉన్నాయి. గడ్డి మీద, గడ్డివాముల మీద తెల్లగా పేరుకున్నది ఫోటోలు తీసుకోవడానికే జనం వస్తారు. అదే మీ కారు అద్దం మీదా ఉంటుంది. కాకపోతే పల్చటి పొర. విదేశాల వీడియోల్లో చూపించినట్టు అంగుళాల మందం ఉండదు.

ఇంకో మాట. ఇక్కడ పొగమంచు పొద్దున్న చాలాసేపటి దాకా తెరిపి ఇవ్వదు. ఎండ వస్తే కరిగిపోతుందిలే అనుకుంటే మీకు 9 దాటొచ్చు.

కాల్గరీ_వాల్తేరు
పుట్టింది చినవాల్తేరు, ఉంటున్నది కెనడాలో కాల్గరీ. ఇక్కడ చలి ముదిరితే మైనస్ 20, మైనస్ 30 దాకా పోతుంది, కాబట్టి గట్టి మంచు తీయడం నేర్చుకోక తప్పదు. మీకు పనికొచ్చేవి చెప్తాను.

ఇంజన్ స్టార్ట్ చేసి, గాలి అద్దం వైపు పెట్టి, ఆ తర్వాతే గీకడం మొదలుపెట్టండి. లోపలి నుంచి వెచ్చదనం తగిలితే మంచుకి అద్దం మీద పట్టు సడలుతుంది, అక్కడి నుంచి పని తేలిక. స్క్రేపర్ ప్లాస్టిక్‌దే వాడాలి. అట్లకాడ, స్టీలు గరిటె, బ్లేడు లాంటి ఇనప వస్తువు ఏదీ వద్దు. అద్దం మీద గీతలు పడితే మళ్లీ పోవు, రాత్రి ఎదురు లైట్లకి ఆ గీతలే మెరుస్తాయి. స్క్రేపర్ దొరక్కపోతే పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో నిదానంగా తోయండి. మీ దగ్గర పడే పల్చటి పొరకి అది చాలు.

వైపర్లు అద్దానికి అతుక్కుపోయి ఉంటే స్విచ్ వేయకండి. రబ్బరు చిరుగుతుంది, మోటార్ మీద భారం పడి ఫ్యూజ్ పోతుంది. ముందు రాత్రే వైపర్లని పైకి లేపి నిలబెట్టండి. బానెట్ కింద దాక్కునే రకం వైపర్లయితే బలవంతంగా లేపొద్దు, వాటిని పైకి తెచ్చి ఆపే సర్వీస్ పొజిషన్ ఉంటుంది, మాన్యువల్‌లో చూడండి.

ఇక్కడ కరిగించే స్ప్రేలు అమ్ముతారు. వాటిలో ఎక్కువగా ఉండేది ఆల్కహాలే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు వంతులు, నీళ్లు ఒక వంతు కలిపి స్ప్రే సీసాలో పోసుకుంటే అదే పని చేస్తుంది. మీకు మెడికల్ షాపులో, ల్యాబ్ సామాన్ల షాపులో దొరుకుతుంది. నిప్పుకి దూరంగా ఉంచాలి, చలిమంట పక్కన అసలే వాడొద్దు. ఉప్పునీళ్లు మాత్రం చల్లకండి, మంచు కరుగుతుంది కానీ బండికి తుప్పు పడుతుంది. వైజాగ్ బండ్లకి సముద్రం ఇచ్చే ఉప్పే చాలు.

ఘాట్_డ్రైవర్
కాల్గరీ అన్నా, మీ జాగ్రత్తలు బాగున్నాయి. కానీ లంబసింగికి స్ప్రేలు, స్క్రేపర్లు అంటే మనవాళ్లు భయపడిపోతారు. మేమంతా గోరువెచ్చని నీళ్లు ఒక మగ్గు పోసి వైపర్ తిప్పేస్తాం. ఎప్పుడూ ఏమీ కాలేదు.

ఆటోనగర్_అద్దాలు
కారు అద్దాలు మార్చే పని మాది, గాజువాక ఆటోనగర్. ఈ మాట దగ్గర ఆగాలి.

ముందు అద్దం ఒకటే పలక కాదు. రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే పల్చటి ప్లాస్టిక్ పొర వేసి అతికిస్తారు, ల్యామినేటెడ్ అంటారు. రాయి తగిలినా ముక్కలై మీద పడకుండా ఉండేది దీనివల్లే. పక్క అద్దాలు టెంపర్డ్, పగిలితే బఠాణీ గింజల్లా రాలిపోతాయి. వేడినీళ్లు పోసినప్పుడు పై పలక ఒక్కసారి వ్యాకోచిస్తుంది, లోపలి పలక చల్లగానే ఉంటుంది. పోసిన చోట వేడి, చుట్టూ చలి. కొత్త అద్దం చాలాసార్లు తట్టుకుంటుంది. కానీ హైవే మీద తిరిగే మన బండ్లకి ఎక్కడో ఒక చిన్న రాయి దెబ్బ ఉంటుంది. లారీ వెనకాల వెళ్తుంటే కంకర ఎగిరి తగిలినది, గోరు అంత కూడా ఉండదు. ఆ దెబ్బ దగ్గరి నుంచే గీత పుట్టి అద్దం ఈ చివర నుంచి ఆ చివరకి పాకుతుంది.

సంక్రాంతి సెలవులు అయ్యాక ఇలాంటి బండ్లు మా దగ్గరికి వస్తాయి. పోయినసారి ఒకాయన బండికి బస చేసిన చోట పనివాళ్లు సాయం చేద్దామని మరుగుతున్న నీళ్లు కెటిల్‌తో తెచ్చి పోశారట. చిన్న దెబ్బ కాస్తా డ్రైవర్ కళ్ల ముందు నుంచి అవతలి వైపుకి గీత అయింది. దెబ్బ చిన్నగా ఉన్నప్పుడే రెజిన్ అనే జిగురు ఎక్కిస్తే తక్కువ ఖర్చుతో ఆగిపోతుంది. పాకాక అద్దం మార్చడమే. ఘాట్ ఎక్కే ముందు పట్టపగలు అద్దం మొత్తం ఒకసారి చూసుకోండి, వేలితో తడిమి చూడండి.

భౌతికం_టీచర్
ఇద్దరూ చెప్పింది కలిపి చూస్తే నీళ్లు కాచాల్సిన అవసరమే లేదు. అద్దం మైనస్ 1 దగ్గర ఉంది, మీద పల్చటి పొర ఉంది అనుకుందాం. అప్పుడే బోరు నుంచి తోడిన నీళ్లు చలికాలంలో చేతికి వెచ్చగా తగులుతాయి కదా, భూమి లోపల చలి అంతగా దిగదు కాబట్టి. ఆ నీళ్లు చాలు ఆ పొరని కరిగించడానికి. తేడా తక్కువ కాబట్టి గాజుకి దెబ్బ తగలదు. రాత్రంతా ఆరుబయట బకెట్లో ఉన్న నీళ్లు మాత్రం వద్దు, అవి కూడా బాగా చల్లబడిపోయి ఉంటాయి.

పోసిన వెంటనే వైపర్ తిప్పి, పొడి గుడ్డతో తుడిచేయండి. అద్దం ఇంకా సున్నా కింద ఉంటే మిగిలిన నీటి పొర మళ్లీ గడ్డకడుతుంది, అది ముందుదానికంటే గట్టిగా పట్టుకుంటుంది.

కాల్గరీ_వాల్తేరు
బోరు నీళ్ల మాట లంబసింగికి సరైనదే, ఒప్పుకుంటాను. ఇక్కడ మైనస్ 20లో అలా చేస్తే పోసిన నీళ్లు చూస్తుండగానే గడ్డ. ఈ చర్చ చదివి విదేశాల్లో ఉన్న పిల్లలు ఎవరూ అలా చేయకూడదనే రాస్తున్నాను. చికాగో, మినియాపోలిస్, టొరంటో వెళ్లిన కొత్త విద్యార్థులు మొదటి చలికాలంలో వేడినీళ్ల ఆలోచనే చేస్తారు. మీకు దారి గీకడమే. కారు పైకప్పు మీద మంచు కూడా తోసేయండి, బ్రేక్ వేసినప్పుడు అది జారి అద్దం మీద పడుతుంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి, అక్కడి హైవే కోడ్ 229వ నిబంధన ప్రకారం బయల్దేరే ముందు అన్ని అద్దాల మీదా మంచూ హిమమూ తీసేయాలి.

పెందుర్తి_రైడర్
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఉదయం నాలుగున్నరకి వంజంగి కొండ ఎక్కడం మొదలుపెట్టాలి, లేకపోతే మేఘాలు చెదిరిపోతాయి. అంతసేపు అద్దం మొత్తం తీస్తూ కూర్చుంటే వెళ్లిన పని చెడుతుంది. డ్రైవర్ ముందు జానెడు మేర తుడుచుకుని, తల కొంచెం వంచి, ఇరవైలో వెళ్తే దారిలో మిగతాది అదే కరుగుతుంది. అందరూ చేసేది ఇదే కదా?

చింతపల్లి_నేస్తం
దయచేసి అలా చేయకండి. ఆ గంటలో మా రోడ్డు మీద ఎవరు ఉంటారో తెలుసా? సంతకి నెత్తిన మూటలతో నడిచే ఆడవాళ్లు, పాలకేన్లు పట్టుకున్నవాళ్లు, కట్టెలకి వెళ్లేవాళ్లు, పశువులు. ఎవరి దగ్గరా లైటు ఉండదు. చలికి దుప్పటి కప్పుకుని ఉంటారు, వెనక వచ్చే బండి చప్పుడు సరిగ్గా వినపడదు. వాళ్లంతా నడిచేది రోడ్డు అంచునే. మీరు ఎదురుగా తుడుచుకున్న జానెడులో అంచు కనిపించదు. ఇరవైలో వెళ్లే కారు తగిలినా మనిషికి కాలు విరుగుతుంది, ఇక్కడి నుంచి పెద్దాసుపత్రి ఎంత దూరమో మీకు తెలుసు.

మేఘాలు ఒక్కరోజు చూడకపోతే మళ్లీ రావచ్చు. అయిదు నిమిషాలు ముందు లేవండి, అంతే.

ఘాట్_డ్రైవర్
నేస్తం చెప్పినదానికి నా ఓటు. మలుపు దగ్గర మనం చూసేది ఎదురుగా కాదు, అద్దం మూలల్లోంచి. హెయిర్‌పిన్ దగ్గర కుడివైపు పిల్లర్ పక్కనుంచి ఎదురొచ్చే బస్సు లైటు కనపడాలి. ఆ మూల మసకగా ఉంటే బస్సు మీద పడే దాకా తెలీదు. పాడేరు ఘాట్ అయినా, అరకు వైపు గాలికొండ దగ్గరయినా ఇంతే. ముందు అద్దం మొత్తం, పక్క అద్దాలు, సైడ్ మిర్రర్లు, హెడ్‌లైట్ల గాజు, వెనక లైట్లు, అన్నీ తుడిచే బండి కదుపుతాను. పార్టీ తొందరపెడితే "టీ తాగి రండి సార్, ఈలోగా బండి రెడీ" అంటాను.

పొగమంచులో డిమ్ లైటే వేయండి. బ్రైట్ వేస్తే వెలుగంతా మంచు మీద పడి మన కళ్లకే కొడుతుంది. కదులుతున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్తుంటారు కొందరు. అలా వేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలీదు. ఆగినప్పుడే అవి. మలుపుల దగ్గర డ్రైవర్ వైపు అద్దం రెండు వేళ్ల మేర దించితే ఎదుటి బండి హారన్ వినపడుతుంది, లోపలి ఆవిరి కూడా పోతుంది. ఎక్కే బండికి దారి ఇవ్వడం దిగేవాళ్ల బాధ్యత, అది రూలు కూడా.

పెందుర్తి_రైడర్
రోడ్డు అంచున నడిచేవాళ్ల సంగతి నేను ఆ కోణంలో చూడలేదు. మావాళ్ల గ్రూపులో కూడా పెడతాను. బైకు మీద వచ్చే స్నేహితులు ఉన్నారు, హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పడుతోందంటున్నారు. దానికేంటి?

ఘాట్_డ్రైవర్
ముక్కూ నోరూ మఫ్లర్‌తో గట్టిగా చుట్టేస్తే ఊపిరి పైకే వెళ్లి వైజర్‌కి పడుతుంది. మఫ్లర్ ముక్కు కిందికి దించి, వైజర్ ఒక మెట్టు తెరిచి ఉంచమనండి. లోపల అతికించే పిన్‌లాక్ షీట్ వచ్చే హెల్మెట్లు ఉన్నాయి, అవి బాగా పనిచేస్తాయి.

సీతమ్మధార_అక్క
మా పక్కింటివాళ్లది పాత వ్యాను, హీటర్ లేదు, ఏసీ లేదు. వాళ్లూ అరకు వెళ్తామంటున్నారు. వాళ్లకి ఏం చెప్పను? సబ్బు రాయడం, కోసిన బంగాళాదుంప రుద్దడం, పొగాకు రుద్దడం అని లారీవాళ్లు చేసేవారు కదా, అవి పనికొస్తాయా?

భౌతికం_టీచర్
సబ్బు కొంత పనికొస్తుంది. నీరు చుక్కలు చుక్కలుగా నిలవకుండా పల్చగా పరుచుకునేలా చేస్తుంది. చుక్కలే వెలుగుని చెదరగొట్టి మసక చేస్తాయి కాబట్టి పరుచుకున్న నీటి పొరలోంచి కనిపిస్తుంది. లోపలి వైపు కొంచెం షేవింగ్ ఫోమ్ గానీ, షాంపూ నీళ్లు గానీ రాసి, పూర్తిగా మాయమయ్యేదాకా పొడి గుడ్డతో తుడవాలి. జిడ్డు మిగిలితే ఎదురు లైట్లకి కళ్లు చెదురుతాయి. దుంపా పొగాకూ కూడా పల్చటి పొర వదులుతాయి, కానీ సమంగా ఉండదు.

అంతకంటే ముఖ్యం లోపలి గాజు శుభ్రంగా ఉండటం. డాష్‌బోర్డ్ ఎండకి వేడెక్కి వదిలే ఆవిర్లు, ధూపం, సిగరెట్ పొగ, చేతి జిడ్డు పేరుకున్న గాజుకి తేమ తొందరగా పట్టి ఎక్కువసేపు ఉంటుంది. బయల్దేరే ముందు రోజు లోపలి వైపు బాగా తుడిచి పెట్టుకుంటే సగం బాధ తగ్గుతుంది. తడి మ్యాట్లు, తడి తువ్వాళ్లు, బొర్రా గుహల దగ్గర తడిసిన చెప్పులు డిక్కీలో సంచిలో కట్టి పెట్టాలి.

హీటర్ లేని వ్యానుకి ఎదురెదురు కిటికీలు కొంచెం తెరిచి ఉంచడమే దారి. పిల్లలకి చలేస్తుంది, కాబట్టి వాళ్లు ఎండ వచ్చాకే బయల్దేరడం మంచిది.

చింతపల్లి_నేస్తం
చలి అనగానే గుర్తొచ్చింది. రూములు దొరక్క కొందరు కార్లోనే పడుకుంటున్నారు, హీటర్ కోసం ఇంజన్ ఆన్‌లో పెట్టి, అద్దాలన్నీ బిగించి. దయచేసి ఆ పని చేయకండి. సైలెన్సర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే మనిషి పోతాడు. మూసిన షెడ్డులో బండి వేడెక్కాలని స్టార్ట్ చేసి వదిలేయడం కూడా అంతే ప్రమాదం. అద్దం మీద మంచు కరగాలంటే బండి బయటికి తీసి, ఆరుబయట స్టార్ట్ చేసి, ఒక మనిషి పక్కనే ఉండాలి. కుంపటి టెంటులోకి తెచ్చుకోవడం కూడా ఇలాంటిదే.

కాల్గరీ_వాల్తేరు
పై మాటని ఎవరూ దాటేయకండి. ఇక్కడ ఇళ్లలో ఆ గ్యాస్ కోసం అలారం పెట్టుకుంటాం.

ముందు రాత్రి అద్దం మీద ఏదైనా కప్పితే పొద్దున్న గీకే పనే ఉండదు. దుప్పటి కప్పకండి, తడిసి అద్దానికి అతుక్కుంటుంది. టార్పాలిన్ ముక్క, రెక్సిన్, మందపాటి అట్టపెట్టె విప్పదీసి పరిచినా చాలు. అంచులు ముందు తలుపుల్లోకి దోపి తలుపు వేసేయండి, గాలికి ఎగరదు. అట్ట అయితే పొద్దున్నే ఎత్తి అవతల పెట్టేయడమే.

మధురవాడ_కారు
అందరికీ నమస్కారం. టార్పాలిన్ ముక్క పూర్ణా మార్కెట్‌లో కొంటాను. బస చేసేచోట షెడ్డు ఉందో లేదో ఫోన్ చేసి అడుగుతాను. ఒక్క సందేహం. అద్దం మీదికి నీళ్లు చిమ్మే వాషర్ ట్యాంకులో మామూలు నీళ్లే ఉన్నాయి, గడ్డకడతాయా?

ఆటోనగర్_అద్దాలు
ఒక్క రాత్రి 2, 3 డిగ్రీలకి ట్యాంకు గడ్డకట్టదు, బానెట్ కింద ఉంటుంది కాబట్టి. కానీ అద్దం సున్నా కింద ఉన్నప్పుడు నీళ్లు చిమ్మితే పల్చగా గడ్డకట్టి ఇంకా కనిపించకుండా పోతుంది. లోపల అద్దం చేతికి వెచ్చగా తగిలాకే వాషర్ వాడండి.

మన ఊరి బండ్లకి ఇంకొక మాట. బీచ్ దగ్గర ఉండేవాళ్ల అద్దానికి ఉప్పు పొర ఉంటుంది, పాతనగరం వైపు నల్లదుమ్ము. పొద్దున్నే మంచు తడి మీద పొడి వైపర్ తిప్పితే అదంతా పేస్టులా పులుముకుంటుంది, దుమ్ము రేణువులు గాజుని గీస్తాయి. ముందు నీళ్లు పోసి కడిగి, అప్పుడు వైపర్. బ్లేడు రబ్బరుని వేలితో మడిచి చూడండి. పగుళ్లు కనిపిస్తే, తుడిచినచోట చారలు వదిలితే మార్చేయండి. మన ఎండకి రబ్బరు ఎక్కువకాలం ఆగదు, వానాకాలం అయ్యాక చలికాలానికి ముందు మార్చుకుంటే మంచిది.

గాజువాక_నాన్న
కొంచెం పక్కకి వెళ్తున్నందుకు ఏమనుకోకండి. మా అల్లుడికి లేహ్ బదిలీ అయింది. దారులు మూసేలోపు డీజిల్ కారు ఇక్కడి నుంచి లారీ మీద పంపిస్తున్నారు. అక్కడ మైనస్‌లోకి పోతుందట. అద్దం సంగతి మీరు చెప్పింది సరిపోతుందా, ఇంకేమైనా చూడాలా?

కాల్గరీ_వాల్తేరు
బాబాయ్ గారూ, అక్కడ మీకు లంబసింగి పద్ధతి కాదు, మా పద్ధతి కావాలి. స్క్రేపర్, ఆల్కహాల్ స్ప్రే, రాత్రి కప్పడానికి టార్పాలిన్. వాషర్ ట్యాంకులో వైజాగ్ నీళ్లు ఒక్క చుక్క మిగలకుండా చిమ్మి ఖాళీ చేసి, గడ్డకట్టని వాషర్ ద్రవం పోయాలి.

దానికంటే ముందు రేడియేటర్ చూడండి. వైజాగ్‌లో కూలెంట్ తగ్గితే కుళాయి నీళ్లు పోసేయడం అలవాటు. నీరు గడ్డకడితే ఘనపరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది, ఇంజన్ బ్లాకుని పగలగొట్టేంత బలం దానికి ఉంటుంది. పాతది పూర్తిగా తీసేసి ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం నింపించండి. ఆ మిశ్రమం సుమారు మైనస్ 37 దాకా గడ్డకట్టదు. బ్యాటరీ పాతదైతే వైజాగ్‌లోనే మార్చేయండి, చలిలో దాని బలం బాగా తగ్గుతుంది. రాత్రి హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేర్‌లో వదిలి, టైరుకి రాయి అడ్డం పెట్టమనండి, బ్రేక్ తడిసి ఉంటే అతుక్కుపోతుంది.

గాజువాక_నాన్న
డీజిల్ గడ్డకడుతుందంటున్నారు కొందరు, నిజమేనా?

ఘాట్_డ్రైవర్
నిజమే సార్. డీజిల్‌లో మైనం లాంటి పదార్థం ఉంటుంది, చలికి అది పేరుకుని ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది, బండి స్టార్ట్ అవదు. అందుకోసమే ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లద్దాఖ్‌కి ప్రత్యేకంగా వింటర్ డీజిల్ తెచ్చింది, మైనస్ 33 దాకా పారుతుంది. లారీ ఎక్కించేటప్పుడు ట్యాంకులో మన ఊరి డీజిల్ లారీ నుంచి దింపి బంకు దాకా నడిపేంత మాత్రమే ఉంచండి. అక్కడ దిగిన రోజే వింటర్ డీజిల్ నింపి, కాసేపు నడిపి ఆపమనండి, లైన్లలో ఉన్న పాతది అయిపోయి కొత్తది ఫిల్టర్ దాకా వస్తుంది. డీజిల్ ఫిల్టర్ మాత్రం ఇక్కడే కొత్తది వేయించండి.